పోర్ట్ లూయీ రిజిస్టరులో ముత్తాత పేరు దొరికింది, ఇంటిపేరు ఎక్కడ వెతకాలి?

భీమిలి_అల

మా వారి ఉద్యోగరీత్యా మూడేళ్ళుగా మారిషస్‌లో, క్వాత్ర్ బోర్న్ ఊళ్ళో ఉంటున్నాము. పక్కింటి పెద్దావిడను నేను పిన్ని అని పిలుస్తాను. ఆవిడకు 78 ఏళ్ళు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్ అయినా, రామభజనకు కూర్చుంటే మన కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతారు. ఆవిడ పుట్టింటివారి పేరు అప్పల్సామీ. మనవరాలి పెళ్ళి కుదిరింది. పురోహితులు గోత్రం, ఇంటిపేరు అడిగినప్పుడు ఆవిడ దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రోజు నుంచి "మాకూ ఒక ఇంటిపేరు ఉండే ఉంటుంది కదా, అది నేను పోయేలోపు తెలియాలి" అంటున్నారు.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస రిజిస్టర్ల నుంచి ఆవిడ ముత్తాత వివరాలు తెచ్చుకున్నాము. ఆరు అంకెల సంఖ్య, ఓడ పేరు, 1860ల నాటి తేదీ ఉన్నాయి. పేరు సింహాద్రి, తండ్రి పేరు అప్పలస్వామి, వయసు 22, ఎడమ కనుబొమ మీద మచ్చ. కులం గడిలో "జెంటూ" అని, జిల్లా గడిలో విశాఖపట్నం అని ఉంది. ఊరి గడిలో మాత్రం ఇంగ్లీషులో "డి, ఓ" అని రెండక్షరాలే ఉన్నాయి. ఆ పేరుగల ఊరు నాకు ఎక్కడా దొరకలేదు.

ఒక కార్యాలయంలో "రికార్డులో అప్పల్సామీ అని ఉంది, అదే మీ ఇంటిపేరు, ఇంక వెతకడానికేముంది" అని పంపేశారు. డబ్బు తీసుకుని వంశవృక్షాలు తయారుచేసే ఒకాయన ఏ ఆధారమూ చూపకుండా ఒక ఇంటిపేరు, గోత్రం అచ్చువేసి పంపారు. పిన్ని ఆ కాగితాన్ని మడిచి స్టీలు పెట్టెలో ఒక మూలన పడేశారు. తెలిసినవారు దారి చూపండి.

రికార్డు_గది

మీరు ఊరి పేరు అనుకుంటున్నది ఊరి పేరు కాదు. "డి, ఓ" అంటే డిట్టో, పై వరుసలో ఉన్నదే ఇక్కడా అని గుమాస్తా రాసుకున్న పొట్టిమాట. మీరు ఒక్క వరుసను మాత్రమే తెచ్చుకున్నారు. మొత్తం పేజీని అడగండి. ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి పైకి వెళ్తూ ఉండండి, అసలు ఊరి పేరు కనబడేదాకా ఆగవద్దు. పేజీ అయిపోతే ముందు పేజీ చూడండి. రెవెన్యూ శాఖలో 31 ఏళ్ళు పాత కట్టలు తిరగేసిన వాడిగా చెబుతున్నాను, ఈ డిట్టో దగ్గర ఆగిపోయి ఊరు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

ఇక ఇంటిపేరు సంగతి. ఆ రిజిస్టరులో ఇంటిపేరుకు గడి లేదు. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, గుర్తులు, కులం, జిల్లా, ఊరు, పనికి కుదిరిన తోట, ఇంతే వారికి కావలసింది. "నీ పేరేమిటి" అని దుబాసీ అడిగితే మన మనిషి సింహాద్రి అన్నాడు, "తండ్రి పేరు" అంటే అప్పలస్వామి అన్నాడు. ఇంటిపేరు అడిగినవాడు లేడు కనుక చెప్పినవాడూ లేడు.

మోకా_మాస్టారు

నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి బడుల్లో తెలుగు బోధిస్తున్నవాణ్ణి. రికార్డు_గది గారు చెప్పినదానికి ఇక్కడి వైపు నుంచి కొంత కలుపుతాను.

మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. బ్రిటిషు ప్రభుత్వం సామ్రాజ్యం మొత్తం మీద 2 కోట్ల పౌండ్ల పరిహారాన్ని యజమానులకు ఇచ్చింది, విడుదలైన మనుషులకు ఏమీ ఇవ్వలేదు. చెరకు తోటలకు మనుషులు కావలసి ఒప్పందం మీద భారతీయులను తెచ్చారు. రద్దుకు మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ దిగింది మొదలు, నాలుగున్నర లక్షలకు పైగా మనుషులు పోర్ట్ లూయీ రేవుకు వచ్చారు. అక్కడ వలసవారు దిగే ఆప్రవాసీ ఘాట్‌లో 16 మెట్లు ఎక్కిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చారు. అదే వారి అసలు గుర్తింపు. మనిషి పేరును ఏ గుమాస్తా ఎలా రాసినా సంఖ్య మారదు.

వారికి పిల్లలు పుట్టి, జనన మరణాలు, పెళ్ళిళ్ళు రాసుకునే సివిల్ స్టేటస్ కార్యాలయంలో నమోదు చేయవలసి వచ్చినప్పుడు అక్కడి పద్ధతికి ఇంటిపేరు తప్పనిసరి. అప్పుడు తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరుగా కుదిరిపోయింది. మీ పిన్నిగారి అప్పల్సామీ అలా వచ్చినదే. అన్నదమ్ములు ఇద్దరు రెండు ఊళ్ళలో పిల్లలను నమోదు చేయిస్తే రెండు వేరువేరు ఇంటిపేర్లు పుట్టిన సందర్భాలున్నాయి. మా ఇంట్లోనే అలా జరిగింది. మా నాన్నగారి పినతండ్రి పిల్లలకూ మాకూ ఇంటిపేరు కలవదు, అందుకని బయటివారు మమ్మల్ని బంధువులని నమ్మరు.

కనుక మీరు పేరును కాక సంఖ్యను పట్టుకుని వెళ్ళండి. పెళ్ళి, జనన, మరణ పత్రాలలో ఆ సంఖ్య కనిపిస్తుంది.

వంశధార

పేర్లను చూసి చెబుతున్నాను, మీవాళ్ళు నూటికి నూరుపాళ్ళు ఉత్తరాంధ్ర. సింహాద్రి, అప్పలస్వామి, అప్పన్న, పైడయ్య, సన్యాసి అనే పేర్లు ఒకే కుటుంబంలో కనబడితే సింహాచలం గాలి తగిలిన ఇల్లే అని మావైపు అనుకుంటాం. ఇంటిపేరు రాయకపోయినా సొంతపేరే సగం చిరునామా చెప్పేస్తుంది.

కులం గడిలోని "జెంటూ"ను మాత్రం పట్టుకుని వేలాడకండి. ఆ రోజుల్లో ఇంగ్లీషువారు తెలుగువారందరినీ, తెలుగు భాషనూ ఆ మాటతోనే పిలిచేవారు. అది కులం కాదు.

డర్బన్_బంధువు

దక్షిణాఫ్రికాలోని మా నేటాల్‌లో కొంత తేడా ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు, 1911 దాకా 1,52,184 మంది వచ్చారు. ఆ ఓడ జాబితాలలోనూ పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు ఉంటాయి. ఇక్కడ నాయుడు, రెడ్డి వంటి మాటలే తరువాత ఇంటిపేర్లయ్యాయి. మా వీధిలో నాలుగు నాయుడు కుటుంబాలున్నాయి, ఒకరికొకరు ఏమీ కారు.

ఒక విచిత్రమైన కేసు చెబుతాను. నా భార్య వాళ్ళ ముత్తాత గుమాస్తా ముందు ఇంటిపేరు కలిపి చెప్పాడు. మనం ఇంటిపేరు ముందు చెబుతాం కదా, ఆ గుమాస్తా మొదటి మాటను సొంతపేరుగా, రెండో మాటను ఇంటిపేరుగా అనుకున్నాడు. ఫలితంగా ఆ ఇంటిపేరు ఈనాటికీ ఆ ఇంట్లో పెద్దకొడుకులకు సొంతపేరుగా నడుస్తోంది. అర్థమేమిటో తెలియకుండానే నాలుగు తరాలు దాన్ని మోశాయి. కాబట్టి ఆ కుటుంబంలో పాత సొంతపేర్లను కూడా ఒకసారి చూడండి.

గుంటూరు_సందేహం

నా అభిప్రాయం కొంచెం వేరు. నూట అరవై ఏళ్ళుగా అప్పల్సామీ అని బ్రతికిన కుటుంబానికి అప్పల్సామీయే ఇంటిపేరు. మన ఇంటిపేర్లు మాత్రం ఎలా వచ్చాయి? ఏదో ఒక తరంలో ఊరినో, వృత్తినో, ఇంట్లో ఒక పెద్దమనిషినో బట్టి వచ్చినవే. పాతది దొరకనంత మాత్రాన ఆ పెద్దావిడ బెంగపెట్టుకోనక్కరలేదని నా ఉద్దేశం.

భీమిలి_అల

సందేహం గారూ, మీ మాట క్రియోల్‌లోకి మార్చి పిన్నికి చెప్పాను. ఆవిడ అన్నది ఇది: "అప్పల్సామీ మా తాత తాత పేరు. ఆ పేరు నాకు ప్రాణం, దాన్ని ఎవరూ తీసుకుపోవడం లేదు. కానీ ఆయనకూ ఒక ఇల్లు ఉండేది కదా. ఆ ఇంటిని ఏమని పిలిచేవారో నాకు తెలియాలి." దీనికి ఎదురు చెప్పడానికి నాకు మాట దొరకలేదు.

గుంటూరు_సందేహం

ఆవిడ మాట సబబుగా ఉంది. వెతకండి.

మిసిసిపీ_ఒడ్డు

అమెరికాలో నా సహోద్యోగి ఒకరు నల్లజాతి కుటుంబానికి చెందినవారు. వారి ఇంటిపేరు వెతకడంలో రెండేళ్ళు తోడుగా ఉన్నాను, ఆ అనుభవం ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నాను. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల జాబితాలు వేరుగా ఉన్నాయి. వాటిలో యజమాని పేరు కింద మనుషుల వయసు, ఆడా మగా, ఒంటి రంగు ఉంటాయి, పేర్లు దాదాపు ఉండవు. విముక్తి తరువాత 1870 లెక్కల్లో మొదటిసారి వారందరికీ పేరు, ఇంటిపేరు కనిపిస్తాయి. అందుకే అక్కడ వెతికేవారంతా 1870ని గోడ అంటారు.

మేము చేసిన తప్పు ఏమిటంటే, ఇంటిపేరు చివరి యజమానిదే అయి ఉంటుందని అనుకుని ఒక ఏడాది వృథా చేశాము. చాలామంది అంతకుముందటి యజమాని పేరునో, తండ్రి పేరునో, తమకు నచ్చిన పేరునో పెట్టుకున్నారు. చివరికి మాకు దారి చూపింది 1865 నుంచి 1874 దాకా నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకం. ఖాతా తెరిచేవారిని తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య, పిల్లల పేర్లు అడిగి రాసుకునేవారు. అమ్ముడుపోయి ఎటో వెళ్ళిపోయిన ఒక తమ్ముడి పేరు కూడా అందులో ఉంది. ఆ వరుస చదువుతూ నా సహోద్యోగి కుర్చీలోంచి లేచి బయటకు వెళ్ళి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

అంటే మనిషి ఒక్కడి వరుసనే చూడవద్దు, పక్కన ఎవరున్నారో చూడండి.

యానాం_రేవు

మారిషస్‌కు దగ్గర్లోని ఫ్రెంచివారి రెయూనియన్ దీవిలో 1848 డిసెంబరు 20న బానిసలకు విముక్తి వచ్చింది. అక్కడ అధికారులు ప్రత్యేక రిజిస్టర్లు తెరిచి, ఒంటిపేరుతో బ్రతికిన సుమారు 60 వేల మందికి ఇంటిపేర్లు రాసిచ్చారు. వాటిలో అధికారి అప్పటికప్పుడు కల్పించినవి ఎన్నో ఉన్నాయి. ప్రభుత్వ రికార్డులో ఇంటిపేరు ఉందంటే అది పూర్వీకుల నుంచి వచ్చినదని అర్థం కాదు అనడానికి దానికంటే పెద్ద ఉదాహరణ లేదు. మీ పిన్నిగారిని ఆ కార్యాలయం వెనక్కి పంపడం అందుకే తప్పు.

భీమిలి_అల

పేజీ మొత్తం చూశాను. రికార్డు_గది గారు చెప్పినట్టు వేలు పెట్టుకుంటూ పైకి వెళ్ళాను. పదకొండు డిట్టోలు దాటి, ముందు పేజీ అడుగున ఊరి పేరు దొరికింది. సిరా కొంచెం పాకింది కానీ కొత్తవలస అని స్పష్టంగానే చదవవచ్చు. పిన్ని ఆ మాటను నాలుగుసార్లు పలికి చూసుకున్నారు.

చిట్టివలస

అభినందనలు, కానీ ఏ కొత్తవలస? మావైపు కొత్తవలస లేని తాలూకా వెతికితే అదొక పెద్ద పరిశోధన అవుతుంది. ఇప్పుడు మండలకేంద్రంగా ఉన్నది విజయనగరం జిల్లాలో ఉంది, అది కాక చిన్న చిన్న కొత్తవలసలు శ్రీకాకుళం వైపు కూడా ఉన్నాయి.

వంశధార

జిల్లాల హద్దులతో జాగ్రత్త. 1860లలో విజయనగరం పేరుతో జిల్లా లేదు, అది 1979లో ఏర్పడింది. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. రిజిస్టరులో విశాఖపట్నం జిల్లా అని స్పష్టంగా రాశారు కనుక, శ్రీకాకుళం పట్టణం చుట్టుపక్కల కొత్తవలసలను ముందుగా పక్కన పెట్టవచ్చు. అయితే ఓడ ఎక్కిన రేవునే జిల్లాగా రాసుకున్న గుమాస్తాలూ ఉంటారు, కాబట్టి పూర్తిగా కొట్టివేయవద్దు.

రికార్డు_గది

ఊరు తెలిసినా ఇంటిపేరు అంత తేలికగా రాదని ముందే చెప్పడం న్యాయం. అది జమీందారీ ప్రాంతం. రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన రైత్వారీ జిల్లాల్లో అయితే సెటిల్మెంటు రిజిస్టరు, డైగ్లాట్ అనే రెండు భాషల భూమి రిజిస్టరులలో పట్టాదారు పేరు దొరుకుతుంది. విజయనగరం ఎస్టేటు వంటి చోట్ల 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే ప్రభుత్వం ఊరూరా సర్వే, సెటిల్మెంటు చేసింది. అప్పటికి మీ సింహాద్రి వెళ్ళి ఎనభై ఏళ్ళు దాటింది.

ఒక్క దారి ఉంది. 1860లలో ఇనాం కమిషన్ వారు తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు, మేము ఐ.ఎఫ్.ఆర్. అనేది. ఇనాం భూమి, అంటే శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి ఉన్నవారి పేర్లు, తరతరాల అనుభవం అందులో రాశారు. మీ వారికి గ్రామసేవ ఇనాం వంటిది ఏమైనా ఉంటే తప్ప పేరు కనబడదు, కూలీ రైతు అయితే ఉండదు. అందుకే ఊరికి వెళ్ళే ముందు మారిషస్‌లో తేలగలిగినదంతా తేల్చుకోండి. ఆ పదకొండు డిట్టోల మనుషులెవరు? వారంతా ఒకే ఊరివారు. తోటలో సర్దారుగా, అంటే కూలీల మేస్త్రీగా పనిచేసి తిరిగి వచ్చినవాడు తన ఊరికి వెళ్ళి చుట్టాలనూ పక్కాలనూ కూడగట్టుకుని వెళ్ళడం అప్పటి రివాజు.

భీమిలి_అల

ఆ పన్నెండు వరుసలూ ఇప్పుడే రాసుకున్నాను. పదకొండు మందికి ఒంటిపేర్లే. ఒక్కరికి మాత్రం రెండు మాటలున్నాయి. వయసు 41, రెండో మాట సన్యాసి. మొదటి మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఆర్, యు, ఎన్, జి, ఎ, ఎల్, ఎల్, వై.

డర్బన్_బంధువు

రంగయ్య కావచ్చునేమో. ఎల్ అక్షరాలు అనుకుంటున్నవి నిలువు గీతలు కావచ్చు.

వంశధార

రంగయ్య కాదు, రొంగలి. మావైపు అది బాగా తెలిసిన ఇంటిపేరు, కొత్తవలస చుట్టుపక్కల రొంగలివారు ఇప్పటికీ ఎంతోమంది ఉన్నారు. ఆ పేజీలో ఇంటిపేరు కలిపి చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆయన. లక్ష్మయ్యను ఎల్, యు, టి, సి, హెచ్ అని మొదలుపెట్టి రాసిన గుమాస్తాలకు రొంగలిలోని మొదటి అక్షరాన్ని యు తో రాయడం పెద్ద విషయం కాదు.

రికార్డు_గది

నేనూ వంశధార గారితోనే ఏకీభవిస్తాను. అయితే ఆ ఇంటిపేరు సన్యాసిది, సింహాద్రిది కాదు. పక్క వరుసలో ఉన్నంత మాత్రాన దాన్ని తెచ్చి ఈ ఇంటికి తగిలిస్తే, అచ్చువేసి పంపిన ఆ పెద్దమనిషికీ మనకూ తేడా ఉండదు.

మోకా_మాస్టారు

ఒక మనవి. ఈ రొంగలి అనే మాటను దయచేసి పిన్నిగారికి ముందుగా చెప్పవద్దు. చెబితే ఆవిడ ఆశకొద్దీ అవును, విన్నాను అంటారు. ఆవిడ నాయనమ్మ గురించి, ఆ నాయనమ్మ అత్తమామల గురించి మాట్లాడించండి, మధ్యలో అడ్డు రాకుండా రికార్డు చేయండి. అమ్మోరు పండగకు ఎవరింటి నుంచి ఎవరికి పసుపు కుంకుమలు వెళ్ళేవి, ఎవరిని ఏమని పిలిచేవారు, ఇవి అడగండి. మా ముసలివాళ్ళ నోట తెలుగు వాక్యాలు పోయినా పిలుపులు పోలేదు.

ఒక మాట కూడా. 2024 మార్చిలో భారత ప్రభుత్వం ఇక్కడి ఏడో తరం వారికి కూడా ఓసీఐ కార్డుకు (విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే కార్డు) అర్హత ప్రకటించినప్పటి నుంచి మోకాకు వచ్చేవారు పెరిగారు. ఆ కార్డుకు కావలసింది వంశ సంబంధం రుజువు, ఇంటిపేరు కాదు. దాని కోసమే అయితే ఇంటిపేరు వెతకనక్కరలేదు.

పడమటి_గాలి

ఇంతవరకు అందరూ మగవారి వరుసలే చూశారు. మా అమ్మమ్మ వాళ్ళు మారిషస్ నుంచి తిరిగి వచ్చినవాళ్ళు, వాళ్ళ కాగితాల్లో బిడ్డకు తల్లి పేరే ఇంటిపేరుగా ఉంది. గుడిలో జరిగిన పెళ్ళిని సర్కారులో నమోదు చేయించకపోతే బిడ్డను తల్లి పేరుతో రాసేవారట. మీ సింహాద్రిగారి భార్య ఎవరు? ఆవిడకూ ఒక సంఖ్య ఉంటుంది, ఆవిడకూ తండ్రి పేరు గడి ఉంటుంది.

భీమిలి_అల

నిన్న మధ్యాహ్నం పిన్ని దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. మాస్టారు చెప్పినట్టు రొంగలి అనే మాట ఎత్తలేదు. ఆవిడ పప్పు ఏరుతూ మాట్లాడుతున్నారు. నాయనమ్మ తన మామగారిని, అంటే సింహాద్రిగారిని, పేరు పెట్టి పిలిచేది కాదట. మరి ఏమనేది అని అడిగాను. ఆవిడ చెయ్యి ఆపి, కాస్త ఆలోచించి, "రొంగలోరల్లుడు" అన్నారు. ఒకే మాటగా అన్నారు. "అదేదో ఎకసెక్కపు మాట, అర్థం నాకు తెలియదు, మా నాయనమ్మ అనగానే ఇంట్లో అందరూ నవ్వేవారు" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. రెండోసారి అడిగితే అదే మాట, అదే పలుకుబడి.

వంశధార

రొంగలివారి అల్లుడు. నూట అరవై ఏళ్ళ కిందటి బంధుత్వం ఆ ఒక్క మాటలో అలాగే ఉండిపోయింది.

చిట్టివలస

చదువుతూ ఉంటే కళ్ళు చెమర్చాయి.

రికార్డు_గది

అంటే పిన్నిగారి పుట్టింటివారి ఇంటిపేరు రొంగలి కాదని తేలింది. అల్లుడు కనుక వేరే ఇంటివాడు. అదే సమయంలో దారి కూడా తెరుచుకుంది. అదే ఓడలో వచ్చిన స్త్రీల వరుసలు వేరే పేజీలో ఉండవచ్చు, అవి చూశారా?

భీమిలి_అల

చూశాను. అదే ఓడ, ఆరు పేజీల తరువాత, 17 ఏళ్ళ అమ్మాయి. ఊరి గడిలో డిట్టో, పైకి వెళ్తే కొత్తవలస. తండ్రి పేరు గడిలో సన్యాసి.

రికార్డు_గది

సన్యాసి అనేది అక్కడ ఇంటికొకరికి ఉండే పేరు, అది మరచిపోవద్దు. ఆ అమ్మాయి సంఖ్యనూ సింహాద్రి సంఖ్యనూ తీసుకుని సివిల్ స్టేటస్‌లో పెళ్ళి పత్రం అడగండి. రెండు సంఖ్యలూ ఒకే పత్రంలో ఉంటే ఇంక అనుమానం లేదు. పత్రం చివర సాక్షుల పేర్లు కూడా తప్పకుండా రాసుకోండి. పెళ్ళికొడుకు తరఫు సాక్షి సాధారణంగా అన్నో పినతండ్రో అవుతాడు, సన్యాసి లాగా అతడూ ఇంటిపేరు కలిపి చెప్పి ఉండవచ్చు.

భీమిలి_అల

సోమవారం కార్యాలయం తెరవగానే వెళ్తున్నాము. పిన్ని ఇప్పుడే చీర తీసి పెట్టుకున్నారు.